చెయ్యెత్తిన చోట

రాజోలు డిపోలో వీర్రాజు నడిపిన పల్లెవెలుగు బస్సు అద్దం మీద ‘చెయ్యెత్తిన చోట ఆపబడును’ అని రాసి ఉండేది. పెయింటు సగం పెచ్చులూడిపోయినా ఆ మాట మాత్రం చెల్లేది. కాలువ గట్టు మీద నుంచి ఎవరైనా చెయ్యూపితే చాలు, కండక్టరు ‘హోల్డాన్’ అనకముందే అతని కాలు బ్రేకు మీద పడేది. పాల క్యాన్లు ఎక్కేవి, కోళ్ల గంపలు ఎక్కేవి. హాస్టల్లో ఉన్న పిల్లకిమ్మని తల్లులు క్యారేజీలు తెచ్చి బానెట్ మీద పెట్టేవాళ్లు. నైట్ హాల్ట్ ఊళ్లో ఎవరో ఒకరు అరిటాకులో అన్నం కట్టుకొచ్చి, "తినేసి పడుకో డ్రైవరూ" అనేవాళ్లు. పదో తరగతి గట్టెక్కని వాడికి అంతకు మించిన గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు నడుపుతున్నది పసుపు రంగు స్కూలు బస్సు. పరాయి దేశంలో, రెజైనా నగరానికి చాలా దూరాన, మంచు తప్ప మరేమీ కనిపించని కంకర రోడ్ల మీద. భార్య శాంతకు వృద్ధాశ్రమంలో ఉద్యోగం వస్తే ఆమె వెనకాలే ఈ దేశం వచ్చాడు. మొదట వాన్ అనే ఊళ్లో, గోడౌన్లలో అట్టపెట్టెలు మోసి మోసి నడుం పడిపోయాక, ఇక్కడికి మారితే ఈ స్టీరింగు దొరికింది. దొరికిన రోజు చిన్నపిల్లాడిలా హారన్ కొట్టి చూసుకున్నాడు.

కానీ ఇక్కడ బస్సంటే రూల్సే. పిల్లలు తగ్గారని రెండు రూట్లు కలిపేశారు. దాంతో రూటు కొసన ఉన్న ఇళ్ల పిల్లలు చీకట్లోనే లేవాలి. లేచి రావడం ఆలస్యమైతే బస్సు ఆగకూడదు. లిస్టులో లేని మనిషి మెట్టు మీద కాలు పెట్టకూడదు. పోయిన నెల, బూట్లు వేసుకుంటున్న వర్షిణి కోసం కాసేపు ఆగాడని ఆఫీసుకు పిలిచి, ఇంకోసారి రూలు తప్పితే బస్సు తీసేసుకుంటామని చెప్పి పంపారు.

వర్షిణిది రూట్లో మొదటి స్టాపు, హైవే పక్క మోటెల్. దాన్ని చూసుకునేది వాళ్లమ్మ అమృత. ఆ పొద్దున పిల్ల ఎక్కింది, తలుపు మూశాడు, బస్సు కదిలింది. అలవాటు కొద్దీ అద్దంలోకి చూశాడు.

చీర మీద ఎవరిదో పెద్ద జాకెట్ వేసుకుని, ఒక చేత్తో సంచీ పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి, మంచులో ఒక ముసలావిడ పరిగెత్తుకొస్తోంది.

"ఆపు బిడ్డా, ఆపు!"

కాలు దానంతటదే పడింది.

"అమ్మమ్మా, గో హోమ్!" వర్షిణి సీటులోంచి లేచి అరిచింది. "అంకుల్, షీ ఈజ్ నాట్ అలౌడ్!"

"నువ్వు సప్పుడు చెయ్యకు. బస్సు ఖాళీగనే ఉన్నది గదా!" అంటూ సరోజన ఎక్కేసింది. జగిత్యాల నుంచి కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. "బీపీ గోలీలు ఒడిసినయి బిడ్డా. మా అల్లుడు కారేసుకొని రెజైనాల ఉండె. బిడ్డేమో మోటెల్ ఇడిసి కదలకపాయె. టౌన్ల మందుల దుకానం కాడ దించు."

వీర్రాజు తల మీద కెమెరా ఎర్రగా వెలుగుతోంది. "ఇది పిల్లల బస్సమ్మా."

"పెద్దోళ్లు కూసుంటే టైర్లు పంచరైతయా?"

అతనికి నవ్వొచ్చింది. ఈ సీట్లో కూర్చున్నాక నవ్వడం అదే మొదలేమో.

"టికెటెంత?"

"ఆడవాళ్లకి ఫ్రీ అండి. కూర్చోండి."

"గీడ గూడనా!" సరోజన కంగారుపడింది. "ఆధార్ కార్డు తేలేదు మల్ల!"

దారిలో ఎక్కిన ప్రతి పిల్లాడికీ ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. సంచీలోంచి సకినాలు తీసి పంచింది. మూగగా ఫోన్లు చూసుకునే పిల్లలతో వెళ్లే బస్సు కరకరలతో, నవ్వులతో నిండిపోయింది. వీర్రాజుకు బానెట్ మీద క్యారేజీల వేడి మోకాలికి తగిలినట్టే ఉంది.

దిగుతూ, "సాయంత్రం గిక్కన్నే నిలబడ్త" అంది సరోజన. సరేనని తలూపాడు.

ఆఫీసులో చక్రధర్ తల పట్టుకుని కూర్చున్నాడు. హైదరాబాద్ కుర్రాడు. రెజైనాలో కాలేజీ చదివి, ఇక్కడ బస్సులు పంపే పనిలో కుదిరాడు.

"అంకుల్, కెమెరాలో సకినాలు పంచుతున్నారు. సకినాలు! ఏ పిల్లాడికైనా అలర్జీ వస్తే?"

"రాలేదు కదా."

"మేనేజర్ చూసేశాడు. పెద్దామెకు ఒంట్లో బాలేదు, ఎమర్జెన్సీ అనండి. ఇంకెప్పుడూ ఎవరినీ ఎక్కించననండి. మిగతాది నేను మాట్లాడుకుంటా."

వీర్రాజు కిటికీలోంచి తన బస్సును చూశాడు.

"రేపు మళ్లీ అద్దంలో ఆ చెయ్యి కనబడితే?"

"చూడనట్టు పొండి."

"ఈ ఊళ్లకు తిరిగే సర్కారు బస్సు ఎత్తేసినప్పుడు కూడా అందరూ అలాగే చూడనట్టు పోయారట. ఆవిడ ఇప్పుడు ఏ బస్సుకి చెయ్యెత్తాలి? నువ్వే చెప్పు."

చక్రధర్ గేటు వైపు చెయ్యి చూపించాడు. "డ్రైవర్లు దొరక్క, కావాలని బయట బోర్డు పెట్టింది నేనే అంకుల్. ఒక్క మాట అనండి, ప్లీజ్."

"అనొచ్చు బాబూ. నా కాలు వినదు."

తాళాలు టేబుల్ మీద పెట్టేశాడు. ఆ బరువు తగ్గగానే, ఖాళీ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టయింది. ఇంటికెళ్లి శాంతకు ఏం చెప్పాలో తోచక, కారులోనే కూర్చుండిపోయాడు.

సాయంత్రం స్కూలు వదిలారు. సరోజన అన్నచోటే నిలబడి ఉంది. పసుపు బస్సు కనిపించగానే చెయ్యెత్తింది. కొత్త డ్రైవరు తల తిప్పలేదు. కిటికీలోంచి వర్షిణి ఏదో అరుస్తుండగా, ఆవిడ చీర కుచ్చిళ్ల మీద మంచు చిమ్ముకుంటూ బస్సు వెళ్లిపోయింది.

ఎత్తిన చెయ్యి ఇంకా దించకముందే, వెనకాలే వస్తున్న వీర్రాజు పాత కారు ఆమె ముందు ఆగింది.

"మన బస్సు ఆపకుండనే పాయె బిడ్డా! నువ్వు గిండ్ల ఉన్నవేంది?"

"అది ఎక్స్‌ప్రెస్ అమ్మా. ఇక్కడ ఆగదు. మనది పల్లెవెలుగు."

"గట్లనా!" అని సరోజన, ముందు సీటు చూపించినా వినకుండా, డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది. "రేపు గూడ నువ్వే వస్తవా?"

వీర్రాజు గేరు వేశాడు. "చెయ్యెత్తండి, వస్తాను."

కదిలే ముందు అద్దంలోకి చూశాడు. ఎవరూ పరిగెత్తుకు రావడం లేదు. అయినా కాసేపు ఆగాడు.