యజమాని వెంటనే ఒప్పుకున్న డిమాండ్

కరీమున్నీసా టిఫిన్ డబ్బాని ఎవరో షెడ్డు బయట, చెప్పులు విడిచే చోట పెట్టారు. పొద్దున్న రాగానే ఎప్పటిలా డబ్బా గూట్లో పెట్టి, దీపంలోకి కిరసనాయిలు తెచ్చుకోవడానికి షెడ్డు వెనక్కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అది చెప్పుల మధ్య ఉంది. దాన్ని పట్టుకోవడానికి చేతికి చుట్టుకున్న గుడ్డని కూడా పక్కనే పడేశారు. షెడ్డులో నలభై మంది ఉన్నారు. అందరూ బెంచీల మీదికి వంగిపోయి, ఎన్నడూ లేనంత శ్రద్ధగా పని చేసుకుంటున్నారు.

అలా వంగినవాళ్లలో యూనియన్ కార్యదర్శి ఇలియాస్ కూడా ఉన్నాడు.

ఆమె మిగతావాళ్ల వైపు చూడలేదు. నేరుగా ఇలియాస్ బెంచీ దగ్గరికొచ్చింది.

"ఏం తమ్ముడూ, ఇది యూనియన్ మాటేనా?"

"కొన్నాళ్లు ఇంటి దగ్గరుండు ఆపా. అందరూ భయపడతన్నారు. నేను మాట్లాడతాగా."

"నీకూ భయమేనా?"

ఇలియాస్ చేతిలోని గొలుసు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మొగుడు పోయిన నాటి నుంచి ఆయన బెంచీ మీదే కూర్చుని అతుకులు పెట్టిన మనిషిని, ఒక్కరు కూడా లేచి గుమ్మందాకా సాగనంపలేదు.

బందరు రోల్డ్ గోల్డ్ నగ ఏ ఊళ్లో ఎవరి మెడలో మెరిసినా, దాని వెనక చిలకలపూడి షెడ్లలో బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదిన మనుషులుంటారు. గ్యాసు టార్చీలు ఎన్ని వచ్చినా ఆ షెడ్డులో సన్న గొలుసు అతుక్కి ఊదుగొట్టమే వాడతారు. దీపపు మంటని నోటితో ఊది, సరిగ్గా అతుకు మీదికి వంచాలి. మంచి గొట్టం కొంటే దొరికేది కాదు. మొన అరగదీసుకుంటూ ఏళ్ల తరబడి తయారు చేసుకోవాలి. అందుకే అతుకు మొండికేస్తే పక్క బెంచీవాళ్ల గొట్టం అడిగి తీసుకోవడం అక్కడి అలవాటు. మసీదుకెళ్లేవాడిదీ, చర్చికెళ్లేవాడిదీ, తిరునాళ్లకెళ్లేవాడిదీ అదే గొట్టం. "మా షెడ్డులో ఎంగిలి లేదు" అని ఇలియాస్ ప్రతి మే డేకీ మైకులో చెప్పేవాడు. చప్పట్లు కొట్టించుకునేవాడు.

అందరికంటే మంచి గొట్టం కరీమున్నీసాది. షెడ్డులో సగం మంది దాన్ని అడిగి ఊదినవాళ్లే. అందుకనే ఆ కబురు తెలియగానే సగం షెడ్డుకి ముచ్చెమటలు పోశాయి.

కబురు యజమాని గోవర్ధనరావు నోటి నుంచే వచ్చింది. ఆయన బావమరిదికి బజార్లో రక్తపరీక్షల షాపు ఉంది. జ్వరమొచ్చి కరీమున్నీసా అక్కడ పరీక్ష చేయించుకుంది. ఆమెకి హెచ్ఐవీ ఉన్న సంగతి ఆ షాపులోంచి ఆయన చెవిన పడింది. పడితే పడింది, అక్కడితో ఆగిందా? యలమంద అనే కుర్ర పనివాణ్ణి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "గొట్టం నోట్లో పెట్టుకునే ముందు ఎవరిదో చూసుకోరా అబ్బాయ్" అని చెప్పాడు. అంతకంటే ఆయన చెయ్యాల్సిన పని లేకపోయింది. మిగతాదంతా కార్మికవర్గమే చేసిపెట్టింది.

ఆ వారమే కరీమున్నీసా ఇంకో గొడవ నడుపుతోంది. నగలకి పూత వేసే గదిలో యాసిడ్ పొగకి గొంతులు మండిపోతున్నాయి. బయటికి లాగే ఫ్యాను పెట్టించమని అందరినీ కూడగడుతోంది. యజమానికి ఆమె ఎందుకు కంట్లో నలుసైందో యూనియన్‌కి అర్థం కాకపోవడం అమాయకత్వమేమీ కాదు. భయం ముందు అర్థం చేసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

టిఫిన్ డబ్బా బయటికి రావడానికి ముందురోజు సాయంత్రం యూనియన్ గదిలో మీటింగు జరిగింది. అందరూ ఒకేసారి అరిచారు. "ఆమె ఉంటే మేం రాం." "మాకు పిల్లలున్నారు." "నువ్వు చెప్పవయ్యా యజమానికి, యూనియన్ ఎందుకున్నట్టు?"

ఇలియాస్‌కి తెలుసు. ఇది ఎంగిలితో అంటుకునే జబ్బు కాదని విజయవాడలో యూనియన్ క్లాసుకి డాక్టరు వచ్చి చెప్పినప్పుడు ముందు వరసలో కూర్చుని విన్నాడు. గొట్టంతో రాదు, గ్లాసుతో రాదు, పక్కన కూర్చుంటే రాదు. వాళ్లని పనిలోంచి తీసేయడం నేరమని చట్టం వచ్చిందనీ విన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. ఎదురుగా ఉన్న ముఖాలు చూశాడు. ఇప్పుడు ఆమె పక్కన నిలబడితే వీళ్లలో సగం మంది రేపు తన వెనక ఉండరనిపించింది. తెరిచిన నోటితోనే, "సరే, మీ మాటే అడుగుదాం" అన్నాడు.

ఆ రాత్రే వెళ్లి అడిగారు. జీతం పెంచమంటే ఆడిటర్ని కనుక్కోవాలనేవాడు, ఫ్యాను అడిగితే గోడకి కన్నం పెట్టడానికి వాస్తు కుదరదనేవాడు, ఆ గోవర్ధనరావు ఈ డిమాండ్‌ని మాట పూర్తికాకముందే ఒప్పుకున్నాడు. పైగా అందరికీ టీ తెప్పించాడు. యూనియన్ పుట్టాక యజమాని చేతి టీ తాగడం అదే మొదలు.

తర్వాత ఫ్యాను మాట ఎత్తేవాళ్లు లేకపోయారు. కరీమున్నీసాకి చిలకలపూడిలో ఏ షెడ్డూ పని ఇవ్వలేదు. కబురు ఆమె కంటే ముందే అన్ని గుమ్మాలూ తిరిగొచ్చింది. వెంట్రుకంత గొలుసుకి అతుకు పెట్టే ఆ చేతులు మంగినపూడి ఒడ్డున ఎండుచేపలు ఏరుతున్నాయని ఎవరో చెప్పారు. విన్నవాళ్లు పోనీలే, ఏదో పని దొరికిందిగా అనుకుని ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు గోవర్ధనరావు షెడ్డు మధ్యలో నిలబడి ఇంకో మాట చెప్పాడు.

"బుధవారం మా బావమరిది షాపువాళ్లు వచ్చి రక్తం తీస్తారు. అందరూ ఇవ్వాల్సిందే. ఇవ్వనివాళ్లు గేటు బయటే."

రాళ్లు పొదిగే సూర్యకుమారి లేచింది. "మా రక్తంతో మీకేం పనండీ?"

"జబ్బు మనిషితో పనిచెయ్యలేమని చెప్పింది మీరే కదమ్మా? ఇంకెవరెవరికి ఏమేం ఉన్నాయో తెలియొద్దా? మీ యూనియన్ మాట మీదే నడుస్తున్నానండీ నేను." ఇలియాస్ వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో స్నేహం కూడా ఉంది. అదే భరించరానిదిగా ఉంది.

ఆ సాయంత్రం యూనియన్ గది కిటకిటలాడింది. ముసలి నాంచారయ్య టీబీకి మందులు వాడి కోలుకున్నవాడు. "అది చూసి నన్నూ తీసేస్తాడా?" అన్నాడు. "నాకు షుగరుంది" అని ఒకామె. "కడుపుతో ఉన్నవాళ్ల సంగతీ తెలిసిపోద్ది, ముందే మానిపిస్తాడు" అని ఇంకొకామె. ఎవరికి వాళ్లకి తమ ఒంట్లో దాచుకున్న సంగతి ఏదో గుర్తొచ్చింది. రేపు ఎవరి డబ్బా చెప్పుల మధ్యకి వస్తుందోనని ప్రతివాళ్లూ లోపల్లోపల లెక్క వేసుకున్నారు.

ఇలియాస్ లేచి నిలబడ్డాడు.

"మనం ఇచ్చిన కర్రతోనే మనల్ని కొడతన్నాడు. ఇంకోటి చెప్పాలి. అది గొట్టంతో రాదు. ఆ రోజు ఇదే గదిలో మీరు అరుస్తుంటే నాకా సంగతి తెలుసు. తెలిసీ చెప్పలేదు. మీరు నన్ను వదిలేస్తారని చెప్పలేదు."

యలమంద బల్లలు దాటుకుని వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"తెలిసీ చెప్పలేదా? మేం తెలీక చేశాం. నువ్వు తెలిసి చేశావ్! నాయకుడంటే ఇదా?"

"వదులు వాణ్ణి," అంది సూర్యకుమారి. "తెలీక చేశామంటన్నావే, తెలీకపోతే అడగొచ్చుగా? ఒక్కళ్లమైనా అడిగామా? ఆ డబ్బా బయట పెట్టింది నేను. అందులోంచి ఎన్నేళ్లు తిన్నానో దేవుడికి తెలుసు. గుడ్డ చుట్టుకుని మరీ పట్టుకున్నా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

యలమంద చేతులు వాటంతటవే సడలిపోయాయి. ఆ గదిలో సిగ్గుపడకుండా మిగిలిన ముఖం ఒక్కటీ లేదు. ఆ సిగ్గుని పట్టుకుని ఇంటికెళ్లి పడుకోవచ్చు. చాలామంది పోరాటాలు అలాగే పడుకున్నాయి. వీళ్లు మాత్రం లేచి కరీమున్నీసా ఉండే ఖాలేఖాన్‌పేట వైపు నడిచారు.

కరీమున్నీసా వాళ్లని కూర్చోమనలేదు. ఆమె చేతుల నుంచి ఎండుచేపల వాసన వస్తోంది. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. ఇలియాస్ ఆవేశంగా, "నీ గొట్టం తీసుకునిరా ఆపా. రేపు అందరి ముందూ నేను నోట్లో పెట్టుకుని ఊదుతా. లోకమంతా చూస్తది" అన్నాడు.

"నా గొట్టం నోట్లో పెట్టుకుని నువ్వు గొప్పోడివి కానక్కర్లేదు. నా బెంచీ నాకు ఇప్పించు, చాలు."

ఇలియాస్ తల దించుకున్నాడు.

"ఆ జ్వరానికి ముందు నుంచే నెలనెలా పెద్దాసుపత్రికెళ్లి మందులు తెచ్చుకుంటన్నా. ఒక్క పూట మానలేదు," అంది ఆమె. "పనిలో చెయ్యి తెగితే నా కట్టు నేనే కట్టుకున్నా, ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వలా. నేను చెయ్యాల్సింది నేను చేశా. మరి మీరు చెయ్యాల్సింది?"

"కేసు పెడదాం. చట్టముంది. నీ పేరు బయటికి రాకుండా కూడా..." అన్నాడు ఇలియాస్.

"నా పేరా? బందరంతా మీరే చాటారు కదయ్యా. ఇంకా దాచడానికేం మిగిల్చారు? నా కూతురు పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. అది గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదువుకుంటంది. అయితే కేసులో ఏమని చెప్తారు? నన్ను ఎవరు వెళ్లగొట్టారంటారు?"

"గోవర్ధనరావు."

"సగం అబద్ధం. ఆయన తలుపు తీశాడు. నెట్టింది మీరు."

నాంచారయ్య మెల్లగా, "నిజమే చెప్తామమ్మా" అన్నాడు.

బుధవారం పొద్దున్న రక్తం తీసేవాళ్లు సూదులు సర్దుకుని కూర్చున్నారు. ఒక్క చెయ్యి కూడా వాళ్ల ముందుకి రాలేదు. నలభై మందీ గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్ల మధ్య కరీమున్నీసా ఉంది. గోవర్ధనరావు ఫోను చేస్తే ఎస్సై జీపు దిగాడు.

"నేను తప్పేం చేశానండీ?" అన్నాడు గోవర్ధనరావు. "ఆవిణ్ణి తీసెయ్యమని యూనియనే అడిగింది. వీళ్లు అడిగితేనే తీశాను. కాదేమో అడగండి."

ఎస్సై ఇలియాస్ వైపు తిరిగాడు. "నిజమేనా?"

ఆ మాటకి ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్నా, తీరా నిలబడేసరికి ఇలియాస్‌కి ఇంకో దారి కనిపించింది. కాదంటే కేసు గోవర్ధనరావు ఒక్కడి మీదికే పోతుంది. తన ఉద్యోగం, ఇల్లు, పేరు అన్నీ నిలుస్తాయి.

"నిజమేనండీ. అడిగింది మేమే. జబ్బు మనిషని షెడ్డు నిండా చాటిందీ మేమే. చట్టంలో దానిక్కూడా శిక్ష ఉంది. మొదటి పేరు నాది రాసుకోండి. షేక్ ఇలియాస్."

"ఇది మీకే చుట్టుకుంటుందయ్యా. ఆలోచించుకో."

"చుట్టుకోనివ్వండి."

"రెండోది నాది," అని యలమంద ముందుకొచ్చాడు. "గొట్టం ఎవరిదో చూసుకోమని నా భుజం మీద చెయ్యేసి చెప్పింది ఈయనే. పరీక్ష సంగతి బావమరిది షాపులోంచి మోసుకొచ్చిందీ ఈయనే. అది కూడా రాయండి. నేను దాన్ని నలుగురికీ మోశానని కూడా రాయండి."

"నా పేరు సూర్యకుమారండీ. డబ్బా బయటపెట్టింది నేను."

"నాంచారయ్య. ఆమె ఉంటే రానన్నాను."

ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ తమ తప్పుని పేరుతో సహా చెప్పారు. కొందరు గట్టిగా చెప్పారు, కొందరు గొణిగారు. గోవర్ధనరావు ముఖంలో రంగు మారిపోయింది. ఆయన దాక్కోవడానికి ఇక ఏ యూనియన్ చాటూ మిగల్లేదు.

"అడిగిన నోళ్లతోనే చెప్తున్నాం," అన్నాడు ఇలియాస్. "ఆ డిమాండ్ వెనక్కి తీసుకున్నాం. ఆమె బెంచీ ఆమెది. రక్తం ఎవ్వరం ఇవ్వం. ఫ్యాను పెట్టేదాకా పూత గదిలో అడుగుపెట్టం."

ఎస్సై చిరాగ్గా టోపీ సర్దుకున్నాడు. "పదండి, అందరూ స్టేషన్‌కి నడవండి. మీరూ రండి గోవర్ధనరావుగారూ. ఆవిణ్ణి మాత్రం ఇప్పుడు ఆపకండి, రెండో కేసవుతుంది."

కరీమున్నీసా వాళ్ల మధ్య నుంచి నడిచి షెడ్డులోకి వెళ్లింది. కొంగుతో బెంచీ మీది దుమ్ము తుడిచి, దీపం వెలిగించుకుంది. ఒక్కసారి తిరిగి చూస్తుందేమోనని ఇలియాస్ గేటు దగ్గర తచ్చాడాడు. ఆమె చూడలేదు. ఆ చూపు కోసమా ఇదంతా చేసింది అని అతనికి మళ్లీ సిగ్గేసింది. వెళ్లి అందరితో కలిసి నడిచాడు.

రోడ్డుకి రెండు పక్కలా షెడ్లే. పనివాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. "ఎక్కడికి బావా, ఇంతమంది?" అని ఒకతను అరిచాడు.

"కేసు పెట్టించుకోడానికి," అన్నాడు యలమంద.

"ఎవరి మీద?"

"మా మీదే."

సూర్యకుమారి నడిరోడ్డు మీద ఆగిపోయింది. "ఏం చూస్తన్నారు? కరీమున్నీసా వచ్చి పని అడిగితే లేదన్నది మీరు కాదా? ఆ గుమ్మం కాదా? ఈ గుమ్మం కాదా?"

అరుగు మీద కూర్చుని అతుకులు పెడుతున్న ఒక ముసలాయన తన దీపం ఆర్పేసి, చెప్పులు వెతుక్కుని రోడ్డు మీదికి దిగాడు.