గోడ మీద రెండో మేకు

మా ఊరు యంగ్స్‌టౌన్‌లో పెళ్ళయినా, పిల్లలు హైస్కూలు ముగించినా కుకీల బల్ల ఉండాల్సిందే. ఇంటి ఆడవాళ్ళంతా తలా రెండు మూడు రకాలు చేసుకొచ్చి పొడుగాటి బల్ల మీద పేరుస్తారు. ఎవరి పళ్ళెం ముందు ఖాళీ అయిందో ఎవరూ పైకి అనరు గానీ అందరూ చూస్తూనే ఉంటారు. ఒకరి జీతం ఒకరు అడగడం మాకు మర్యాద కాదు. కుకీల సంగతి వేరు.

ఆ శనివారం మా చెల్లెలు కొలెట్ కూతురు పెయిజ్ హైస్కూలు ముగించిన విందు, చర్చి కింది హాల్లో. కొలెట్ అచ్చులో ఒత్తి చేసిన పల్చటి పిజ్జెల్స్ కుకీల పళ్ళెం అరగంటలో నున్నగా ఖాళీ అయిపోయింది. నేను రెండు రోజులు నడుం విరిగేలా చుట్టిన అక్రోటు రోల్స్ సగం అలాగే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. విషయం చిన్నదే, కానీ కొలెట్ దగ్గరికి వచ్చేసరికి నాకు చిన్న విషయాలంటూ ఉండవు.

ఇద్దరం ఒకే ఆసుపత్రిలో పనిచేస్తాం. నేను మాల్ పక్కనున్న ప్రైవేటు కాలేజీలో ఆసుపత్రి నిర్వహణలో రెండేళ్ళ డిగ్రీ చదివి, ముప్పై వేల డాలర్ల అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చి రోగుల్ని చేర్చుకునే కౌంటర్లో కూర్చున్నాను. గంటకి పద్దెనిమిది డాలర్లు. కొలెట్ ఏ డిగ్రీ లేకుండా అక్కడి క్యాంటీన్లో గల్లాపెట్టె దగ్గర మొదలై, బిల్లుల విభాగంలోకి మారి, పని నేర్చుకుని ఇప్పుడు ఇరవై మూడు తీసుకుంటోంది. నేను అడగలేదు, తనే చెప్పింది. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడికి కనీసం కడుపైనా నిండుతుంది. నాకు మిగిలింది మా అమ్మ ముందు గదిలో గోడ మీద ఒక ఫ్రేము. మా ఇంట్లో డిగ్రీ అంటే అదొక్కటే, వచ్చినవాళ్ళందరికీ అమ్మ దాన్ని చూపిస్తుంది. అప్పుడు కొలెట్ మొహం చిన్నబోతుంది. ఆ కాసేపు నా కడుపు చల్లగా ఉంటుంది. నెలనెలా కడుతున్న వాయిదాకి నాకు దక్కే ఫలం అంతే.

బల్ల దగ్గర నిలబడి నా పళ్ళేన్ని నేనే చూసుకుంటుంటే కొలెట్ వచ్చి నా చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"అక్కా, ఎవరికీ చెప్పకు. సోమవారం సంతకం పెడుతున్నా."

"దేనికే?"

"నువ్వు చదివిన చదువుకే. నీ కాలేజీ వాళ్ళే ఇప్పుడు ఆన్‌లైన్లో చెప్తున్నారు. మా సూపర్‌వైజర్ రిటైరవుతోంది. ఆ సీటుకి డిగ్రీ ఉంటే మంచిదని మేనేజరమ్మ అంది."

"ఉంటే మంచిదందా, ఉండాలందా?"

"ఏదో ఒకటిలే. ఇరవై ఎనిమిది వేలు అప్పు వాళ్ళే ఇప్పిస్తారంట. ఆ కాలేజీ ఆవిడ ఎంత ఆప్యాయంగా మాట్లాడుతుందో! రోజూ ఫోన్ చేస్తోంది."

నాకూ ఒకావిడ రోజూ ఫోన్ చేసేది. చేరాక మళ్ళీ చెయ్యలేదు.

"డిగ్రీ లేక నీకేం తక్కువైందే ఇప్పుడు?" అన్నాను.

"నువ్వలాగే అంటావు. గోడెక్కి కూర్చున్నావు కదా! ఆ ఫ్రేము చూసినప్పుడల్లా నేనెంత ఏడ్చుకుంటానో నీకేం తెలుసు? పైగా నీకు గంటకి పాతికన్నా వస్తుంటుంది. నోరు తెరిచి చెప్పవు గానీ."

నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే కుళ్ళుకుంటున్నాననుకున్నాను.

'చేరు, మంచిదే' అంటే చాలు. నేను మునిగిన చోటే తనూ మునుగుతుంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందట. ఆ కోతి మీద నాకు అప్పుడు ఎక్కడలేని జాలి కలిగింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"మొదటి ఫీజు చేతి నుంచి కట్టాలంట. పెయిజ్ చదువుకని దాచిందుంది, అది తీస్తా. దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంది కొలెట్.

వంటగది కిటికీలోంచి హాలంతా కనిపిస్తుంది. పెయిజ్ నా అక్రోటు రోల్స్ పళ్ళెం పట్టుకుని బల్లబల్లకీ తిరుగుతోంది. "తీసుకోండి, మా పెద్దమ్మ చేసింది. ఇంకోటి తీసుకోండి, ఒకటి ఏం సరిపోతుంది?" అంటూ వద్దన్నవాళ్ళ చేతుల్లో కూడా పెడుతోంది.

"పద్దెనిమిది" అన్నాను.

"ఏంటి?"

"గంటకి నాకొచ్చేది. నీకంటే ఐదు తక్కువ. తొమ్మిదేళ్ళుగా కడుతున్నా, ఇంకా ఇరవై ఏడు వేలు అలాగే ఉంది. కట్టేదంతా వడ్డీకే పోతోంది."

కొలెట్ విరగబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"నాకు ఫ్రేము రావడం నీకిష్టం లేదు. అందుకే చెప్తున్నావు కదూ?"

"ఇష్టం లేదు. ఆ సంగతి వేరు. ఏడాది దాటి పనిచేసినవాళ్ళకి కౌంటీ వాళ్ళ సర్కారు కాలేజీ ఫీజు ఆసుపత్రే కడుతుంది. అదే డిగ్రీ, సాయంత్రం క్లాసులు. ఉద్యోగంలో చేరినప్పుడిచ్చిన పుస్తకంలో చివరెక్కడో ఉంది, ఎవడూ చదివి చావడు."

"మరి నీకెలా తెలుసు?"

"వెళ్ళి అడిగాను. పాత అప్పులకి ఇవ్వరంట."

కొలెట్ దగ్గరికొచ్చి నా భుజం మీద తల పెట్టింది. జుట్టంతా పిజ్జెల్స్‌లో వేసే సోంపు వాసన. అంత దగ్గరలో కూడా, ఇక ఆ డిగ్రీ, ఆ సీటు, పెద్ద జీతం అన్నీ దీనికే, అప్పు మాత్రం నాకు అనుకుంటూనే ఉన్నాను.

ఇంతలో అమ్మ కాఫీ కోసం వంటగదిలోకి వచ్చింది. "అమ్మా, నేనూ డిగ్రీ చదువుతున్నా. డాలరు అప్పు లేకుండా! అక్కే దారి చూపించింది" అంది కొలెట్. నా పద్దెనిమిది సంగతి ఎత్తలేదు. పొడిచే అవకాశం చేతికి దొరికినా పొడవలేదు. మంచితనంలో కూడా నన్ను దాటేసిందని మళ్ళీ మండింది నాకు.

అమ్మ ఇద్దరి బుగ్గలూ పుణికింది. "ఐతే గోడకి రెండో మేకు కొట్టించాలి. రెనే, నీ ఫ్రేము కాస్త పక్కకి జరిపితే సరిపోతుంది కదే?"

"జరుపుకో. మేకు నేనే వచ్చి కొడతా" అన్నాను.

ఎంత ఎత్తులో కొట్టాలో అప్పటికే అనుకున్నాను. నాదానికి ఒక అంగుళం కిందకి.