మసి కడగని ద్రాక్ష

బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనుక ఉన్న ద్రాక్షతీగకు మూడేళ్ళు వరుసగా తెగులు పట్టడానికి కారణం మా అత్తగారి శుభ్రత. ఈ మాట ఆమె బతికి ఉండగానే, ఆమె ముందే అన్నాను. ఆమె నవ్వింది కూడా. కనుక ఇప్పుడు రాయడంలో తప్పు లేదనుకుంటాను.

వాల్తేరులో వృక్షశాస్త్రం చదివి, గూడ్సు బండి గార్డు తోమాసును పెళ్ళాడి, 1958 ఫిబ్రవరిలో నేను ఆ ఇంట అడుగుపెట్టాను. అత్తగారి పేరు రూతమ్మ. తీగ ఆమె నాటినదే. పరాయి రాష్ట్రంలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో జూన్ మొదటి ఆదివారం ప్రథమఫలాల ఆరాధన జరిగేది. ప్రతి కుటుంబమూ తన పెరటిలో పండినదాన్ని బల్ల ముందు ఉంచి, అది ఎక్కడిదో పైకి చెప్పాలి. మూడేళ్ళుగా ద్రాక్షగుత్తులు పండకముందే కుళ్ళిపోవడంతో రూతమ్మ జుగ్సలాయి బజారులో అరటిపళ్ళు కొని తీసుకువెళ్ళేది. ఎక్కడివని అడిగితే, “బజారువి” అని నిజమే చెప్పి తల దించుకుని వచ్చేది. నాలుగోసారి ఆ మాట చెప్పవలసి వస్తే ఇక ఆరాధనకే వెళ్ళనని నాతో అన్నది.

యార్డులోని బొగ్గు ఇంజన్ల మసి పగలంతా సన్నగా మా ఆకుల మీద రాలేది. సాయంత్రం కుళాయి రాగానే రూతమ్మ రబ్బరు పైపు తగిలించి, కొడుకు యూనిఫారం ఉతికినంత శ్రద్ధగా ఆకు ఆకునూ కడిగేది. పందిరి గుబురుగా అల్లుకుని ఉండేది. లోపల గాలి ఆడదు. సాయంత్రం తడిసిన ఆకు తెల్లవారేదాకా ఆరదు. తెగులు బీజానికి మొలకెత్తడానికి కావలసింది ఆ తడే. మరునాటి పైపు నీరు దాన్ని పక్క ఆకు మీదికి చిమ్ముతుంది. మార్చి నాటికే లేత ఆకుల మీద పిట్టకన్ను వంటి మచ్చలు కనిపించాయి. ఇక వేరు సంగతి చూద్దామని గరిటె పట్టుకుని పాదు తవ్వాను.

“ఏటే విమలా, లంకెబిందెలు దొరికాయా?” అని అడిగింది రూతమ్మ.

“రెండు వేళ్ళ లోతున ఎండుమట్టి దొరికింది అత్తయ్యా. మీరు పోసే నీళ్ళతో ఆకులు స్నానం చేస్తున్నాయి, వేర్లు పస్తులుంటున్నాయి. ఆకుల్ని తడపకండి.”

“మసి మొహంతో ఒగ్గేయమంటావా? తోమాసు డ్యూటీ నుంచి వత్తే మొహం కడుక్కోకుండా కంచం ముందు కూకుంటాడా?”

“ఆయనకి తువ్వాలు ఉంది. ఆకుకి లేదు.”

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పొరుగింటి నూకాలమ్మ అందుకుంది: “కాలేజీ కోడలు కదా వొదినా. తీగకి తువ్వాలు కుట్టించమంటంది.”

“నువ్వు నీ పని సూసుకో నూకాలూ,” అంది రూతమ్మ. కానీ ఆమెకూ నవ్వు ఆగలేదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాము. తీగకు రెండు పెద్ద కొమ్మలు. తూర్పు కొమ్మను ఆమె సాయంత్రం కడుగుతుంది. పడమటి కొమ్మ నాది. దాని మీద చుక్క నీరు పడకుండా మధ్య గోనెపట్టా కట్టాము. నా వైపు గుబురును పలుచన చేశాను. సాయంత్రం బిందెలు నింపి ఉంచి, తెల్లవారగానే పాదులో నిదానంగా, జానెడు లోతు తడిసేదాకా పోసేదాన్ని. మళ్ళీ నాలుగో రోజుకే.

ఏప్రిల్ చివరికి తూర్పు కొమ్మ నిండా మచ్చలు. పడమటి కొమ్మ బొగ్గుల గదిలోంచి వచ్చినట్టు నల్లగా ఉంది, కానీ మసి కింద ఆకు ఆరోగ్యంగా ఉంది. ఒక సాయంత్రం పైపు మేకుకే వేలాడుతోంది.

“ఈవేళ కడగలేదా అత్తయ్యా?”

“సేతులు నొప్పి.”

మరునాడు అడిగితే, “పైపుకి సిల్లు పడింది” అన్నది. నేను వెళ్ళి చూశాను, చిల్లు లేదు. ఆ వారంలోనే మచ్చలు పడిన రెమ్మలన్నీ ఆమె స్వయంగా కత్తిరించి పొయ్యిలో వేసింది.

అయితే గెలుపు పూర్తిగా నాది కాదు. మే నెల వడగాలికి నా కొమ్మ మీది కాయలు మెత్తబడసాగాయి. నాలుగు రోజుల లెక్క నేను వాల్తేరు సముద్రగాలిలో నేర్చుకున్నది. రూతమ్మ పాదులో మడమ ఆనించి చూసింది.

“నీ పుస్తకానికి ఈ ఎండ తెలీదమ్మా. మూడో రోజుకే దాహమేత్తంది. పైన గడ్డి కప్పు, తడి నిలుత్తాది.”

మొదలుకు తగలకుండా ఎండుగడ్డి పరిచి, మూడో రోజుకు ఒకసారి నీరు పోశాము. కాయలు మళ్ళీ బిగిశాయి.

ఆరాధన రోజు తెల్లవారుజామున ఏడు గుత్తులు కోశాము. ఒక్కటీ కుళ్ళలేదు. అన్నీ నల్లగా మసిగొట్టుకుని ఉన్నాయి. రూతమ్మ వాటినీ నన్నూ మార్చి మార్చి చూసింది. అనుమతి కోసం చూస్తున్నదని అర్థమైంది.

“కోసేశాక మీ ఇష్టం అత్తయ్యా. ఎంతసేపైనా కడగండి.”

ఆమె ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, పసిబిడ్డకు పోసినట్టు ఒక్కొక్క గుత్తికీ స్నానం చేయించింది. నాలుగుసార్లు నీళ్ళు మార్చాక తేట ఆకుపచ్చ రంగు బయటపడింది. అప్పుడు నూకాలమ్మ ఉతికి మడతపెట్టిన తెల్ల గుడ్డ ఒకటి తెచ్చి గోడ మీద పెట్టింది.

“తువ్వాలు కావాలన్నారు కదా. ఇదిగో.”

ఆ గుడ్డలోనే గుత్తులను గుడికి తీసుకువెళ్ళాము. మా వంతు వచ్చింది. ఎక్కడివని పాస్టరుగారు అడిగారు.

“మా పెరట్లోవి,” అంది రూతమ్మ. తల దించలేదు. నా వైపు చూపిస్తూ, “నానూ నా కోడలూ పెంచినాం,” అంది.

ఆరాధన తరువాత ఆరు గుత్తులు పిల్లల నోళ్ళలోకి పోయాయి. ఏడోదాన్ని అదే గుడ్డలో చుట్టి నూకాలమ్మకు తెచ్చి ఇచ్చాము. ఆ సాయంత్రం కుళాయి రాగానే రూతమ్మ పైపు దించి మెట్లు, అరుగు, గోడ, చివరికి తోమాసు సైకిలు కూడా కడిగింది. పందిరి జోలికి మాత్రం వెళ్ళలేదు.