రాజుగారి బదులు

ఆపెరా అనే పాశ్చాత్య సంగీతనాటకంలో గొంతు ఎంత పైకి పోతే అంత ప్రేమ దక్కుతుంది. పైస్థాయి గొంతువాడు హీరో. పిల్ల అతనిదే. బాగా కిందిస్థాయి గొంతుకు పూజారి వేషమో దేవుడి వేషమో ఇస్తారు. మధ్యలో ఉండే మమ్మల్ని బారిటోన్లు అంటారు. పిల్ల తండ్రి, జైలరు, నమ్మించి మోసం చేసే స్నేహితుడు, వీళ్ళంతా మేమే. టొరంటోలో చాలా ఏళ్ళుగా అదే నా ఉద్యోగం. రసాయనశాస్త్రం చదవడానికి వాల్తేరు నుంచి వచ్చిన నేను, జనవరి చలిలో వెచ్చగా ఉందని యూనివర్సిటీ గాయకబృందం గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ బయటికి రాలేదు.

నేను ఎక్కువగా చేసింది ‘కవర్’ పని. అంటే ముఖ్యగాయకుడి పాత్రంతా నేర్చుకుని, అతనికి ఒంట్లో బాగాలేకపోతే పాడడానికి సిద్ధంగా ఉండడం. నేను కవర్ చేసినవాళ్ళెవరికీ జలుబు కూడా చేసేది కాదు. “మిమ్మల్ని పెట్టుకుంటే వాళ్ళకి డాక్టరు అక్కర్లేదండీ,” అని నవ్వేది మా ఆవిడ పద్మిని. తను పోయాక ఆ మాట అనేవాళ్ళు కూడా లేరు.

ఆ చలికాలం ఆపెరా కంపెనీలో నా ఆఖరి సీజన్. ముసలిరాజు పాత్రకు కవర్‌ని. కూతుర్ని చెరలో పెట్టించి, చివరి అంకంలో ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని క్షమాపణ అడిగే రాజు. ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ప్రదర్శన. అది దాటిపోతే నేనొక ముఖ్యపాత్ర పాడానని చెప్పుకోవడానికి ఇక ఏమీ ఉండదు.

శనివారం ఫోన్ వచ్చింది. ముఖ్యగాయకుడు బుషార్‌కి గొంతు పట్టేసిందట. రేపు సిద్ధంగా ఉండమన్నారు.

టొరంటోకి గంట దూరంలో, గ్వెల్ఫ్‌లో ఉన్న మా ఇంటి బేస్‌మెంట్‌లో కరీంనగర్ నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్ళు సాత్విక, ప్రణీత్ అద్దెకు ఉండేవారు. ఆ రోజుల్లో మా వీధిలో మన పిల్లలు లేని బేస్‌మెంట్ లేదు. ఇద్దరూ కాలేజీ అయ్యాక నైట్ షిఫ్టులు చేసి, దొరికినప్పుడు నిద్రపోయేవారు. మైకు లేకుండా హాలంతా వినిపించే గొంతును నా ఇంట్లో నేను ఎత్తేవాణ్ణి కాదు. షాపుల పార్కింగ్‌లో, కారు అద్దాలు బిగించుకుని సాధన చేసేవాణ్ణి. కారులో ఎవరో అరుస్తున్నారని ఒకసారి పోలీసులకు ఫోన్ వెళ్ళింది. వచ్చిన పోలీసమ్మాయి చివరిదాకా విని, హీటర్ వేసుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

వార్త వినగానే సాత్విక పైకి పరిగెత్తుకొచ్చింది. “నిజంగనే రేపు మీరే హీరోనా అంకుల్?”

“హీరో కాదమ్మా, రాజుని.”

“రాజంటే ఇంకా పెద్ద పోస్టు గదా! ఆగుండ్రి, గ్రూప్‌ల పెడ్త.”

అరగంటలో ఇరవై మంది దాకా విద్యార్థులు స్టూడెంట్ టికెట్లు బుక్ చేశారు. అన్నీ పై బాల్కనీలో, చివరి వరుసలు. ప్రణీత్ మాత్రం నా గొంతు గురించి బెంగపడ్డాడు. “రేపు మీ గొంతు పోతే మా ఇజ్జత్ పోతది అంకుల్. మిరియాల చారు పెడ్త, తాగుకుంట పోండ్రి,” అని పొద్దున్నే ఫ్లాస్కు నింపి ఇచ్చాడు.

నేను ముందుగానే థియేటర్ చేరి రాజు దుస్తులు వేసుకున్నాను. బుషార్‌దీ నాదీ ఒకే పొట్ట కాబట్టి సర్దుబాట్లు అక్కర్లేదు. ఆఖరి ప్రదర్శన కదా అని అతనూ వచ్చాడంటే, పలకరిద్దామని అతని గదికి వెళ్ళాను. మఫ్లర్ చుట్టుకుని, ముక్కు ఎర్రబడి, అద్దం ముందు ఒంటరిగా కూర్చున్నాడు. భార్య మాంట్రియల్‌లో ఉంది. “నా గొంతు ఇక రాదేమో రామ్,” అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. జలుబువల్లే కావచ్చు.

జలుబుతో కూర్చున్న మనిషి ఎదురుగా ఉంటే, చేతిలో వేడి చారున్నవాడు ఏం చేస్తాడు? ఆలోచించేలోపే మూత తీసి పోశాను. అతను ఒక గుటక మింగి ఫ్రెంచిలో ఏదో తిట్టాడు. రెండో కప్పు అతనే అడిగాడు. చెమటలు పట్టాయి, ముక్కు వదిలింది. కాసేపటికి లేచి చిన్నగా ఒక స్వరం తీశాడు. తర్వాత పెద్దగా తీశాడు. గోడలు మోగాయి.

మూడు రోజులుగా వేసుకున్న మాత్రలు అప్పుడే పనిచేసి ఉండవచ్చు. బుషార్ మాత్రం నన్ను కావలించుకుని, “నన్ను బతికించావు,” అన్నాడు. స్టేజి మేనేజర్ తలుపులో నిలబడి, “రామ్, కిరీటం ఇచ్చేస్తారా?” అంది, వీలైనంత మెల్లగా.

నేను పాడడం లేదని పిల్లలకు మెసేజ్ పెట్టాను. అప్పటికే అందరూ బుద్ధిగా ఫోన్లు ఆపేసి కూర్చున్నారు.

తెర పక్కన నిలబడి విన్నాను. బుషార్ అంత బాగా పాడడం నేనెప్పుడూ వినలేదు. చివరి క్షమాపణ దగ్గర నాకే ఏడుపొచ్చింది. చప్పట్లతో పాటు పై బాల్కనీ నుంచి ఈలలు, “అంకుల్! అంకుల్!” అని కేకలు. అంత దూరానికి గడ్డం, కిరీటం, పొట్ట తప్ప ఏం కనిపిస్తాయి?

“ఎవరా అంకుల్?” లోపలికొచ్చిన బుషార్ అడిగాడు.

“మా పిల్లలు నచ్చిన పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు.”

అతను మళ్ళీ వెళ్ళి, బాల్కనీ వైపు ప్రత్యేకంగా వంగి నమస్కరించాడు.

బయట పేవ్‌మెంట్ మీద పిల్లలు నన్ను చుట్టుముట్టారు.

“ఇరగదీసిండ్రు అంకుల్!”

“నేను కాదర్రా. పాడింది బుషార్. నేను అసలు స్టేజి ఎక్కలేదు.”

“చూసినవా అక్కా, ఎంత మొహమాటమో!” అన్నాడు ప్రణీత్.

“పెద్దోళ్ళంతా గిట్లనే ఉంటరు,” అంది సాత్విక.

మళ్ళీ చెప్పాను. ఫోన్‌లో నా మెసేజ్ చూసి కూడా, ఆఖరి నిమిషంలో మళ్ళీ మారి ఉంటుందని వాళ్ళే తేల్చుకున్నారు. నేను ఎంత చెబితే అంత గొప్పవాణ్ణవుతున్నాను.

ఇంతలో గుంపు వెనక నుంచి భీమవరం అమ్మాయి రూప ముందుకొచ్చింది. “నేను షిఫ్ట్ నుంచి వచ్చేసరికి లేటయిపోయింది అంకుల్. తలుపులు మూసేశామని లోపలికి రానివ్వలేదు. లాబీలోనే కూర్చున్నా, ఏమీ వినబడలేదు.”

“పాపం అంకుల్, ఆ చివరిది ఒక్కసారి పాడుండ్రి,” అన్నారు అందరూ.

పాడాను. ఆర్కెస్ట్రా లేదు, కిరీటం లేదు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. రాజు కూతురి కాళ్ళ దగ్గర కూర్చునే చోట నేనూ మోకాళ్ళు వంచబోయి, మంచు చూసి మానుకున్నాను. కానీ ఒక్క పలుకూ వదలకుండా, మనుషుల ముందు, మొదటిసారి పూర్తిగా పాడాను. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన అయిపోయేదాకా నిలబడ్డాడు.

ముందుగా ప్రణీత్ గొంతు సవరించుకున్నాడు. “మంచిగుంది అంకుల్. గని... లోపల ఇంకా మంచిగ పాడిండ్రు.”

“నోర్ముయ్‌రా! గీ చలిల ఎవరు పాడ్తరు?” అని సాత్విక వాడి వీపు మీద ఒకటి వేసింది.

రూప చేతి తొడుగుతో కళ్ళు తుడుచుకుంటోంది. “నిజంగా లోపల పాడింది ఆ బుషారేనా అంకుల్?”

“ఆయనేనమ్మా. నాకంటే బాగా పాడాడు.”

ఆమె తల ఊపింది. అంతమందిలో నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషి, హాల్లో లేని మనిషి.

“ఆయన్ని నేను వినలేదు కదా అంకుల్,” అంది. “నా రాజు మీరే.”