ఒకే పొయ్యి, రెండు పడవలు

స్వర్ణకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తనూ తన బిడ్డా ఒకే పడవలో మునిగిపోవడం. శ్రీరాంసాగర్ ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. ఒకనాటి గాలివానకు తాతా, చిన్నాయనా ఒకే తెప్ప మీద పోయారు. అప్పటినుంచి ఆ ఇంట్లో కట్టుబాటు: ఒకే పొయ్యి మీద తినేవాళ్ళంతా ఒకే తెప్ప ఎక్కకూడదు.

దోహాలో ఆమె పని అల్ తుమామాలో, ఒక స్కాట్లాండ్ మేడమ్ కొడుకును చూసుకోవడం. బయట స్టేడియం లేస్తోంది, రోడ్లన్నీ తవ్వి ఉన్నాయి. లోపల మేడమ్ భోజనాల బల్ల మీద తన దేశపు పటం పరిచింది. ఎండాకాలం సెలవుల్లో పొడుగాటి సరస్సులూ, వాటిని కలిపే కాలువలూ పట్టుకొని, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా తెడ్డేసుకుంటూ పోవాలట. సారు, తను, బాబు, స్వర్ణ, స్వర్ణ కూతురు పుష్ప. పెద్ద పడవ ఒకటి చాలట.

నజ్మా పేటలో ముగ్గురూ ఉండే గదిలో మొగుడు గంగాప్రసాద్ ఈ మాట విని పొంగిపోయాడు.

“పిల్ల ఇమానమెక్కుతది, మేడమోళ్ళ దేశం చూస్తది. ఇంకేం గావాలె నీకు?”

“ఇమానం ఎక్కనీ. పడవ ఎక్కది.”

“లైఫ్ జాకెట్లిస్తరే. మీ తల్లిగారింటి ముచ్చట్లు దోహల గూడ నడుస్తయా?”

“నీళ్ళకు దోహ తెల్వది, దుబాయ్ తెల్వది.”

“మేడమ్‌కు కోపమొస్తే ఖలాస్. వీసా ఆమె చేతుల ఉన్నది.”

“ఉండనీ. బిడ్డ నా చేతుల ఉన్నది.”

తెల్లారి మేడమ్ ముందు నిలబడి, వచ్చిన హిందీ, రాని ఇంగ్లీషు కలిపి చెప్పేసింది. వాళ్ళదీ ఒకే పొయ్యి, అందుకని రెండు పడవలు కావాలి. సారు ఒకదాంట్లో, మేడమ్ బాబుతో ఇంకోదాంట్లో, మేడమ్ వెనక తను. మూటలా కూర్చోదు, తనకూ తెడ్డు ఇవ్వాలి. పుష్ప రాదు.

మేడమ్ నవ్వింది. “పుష్పను సారు పడవలో ఎక్కిద్దాం.”

“అది నీళ్ళ మీదుంటే నా కండ్లు దాని మీదనే ఉంటయ్. ఇగ తెడ్డెవరు వేస్తరు? కోపమైతే ఇంకో మనిషిని చూసుకోండ్రి.”

మేడమ్ నవ్వు ఆగింది. కొడుకు వైపు చూసి, ఫోన్ తీసి రెండో పడవ కూడా చెప్పింది.

గంగాప్రసాద్‌ది వేళాపాళా లేని డ్రైవర్ డ్యూటీ. అందుకని పుష్పను అల్ మన్సూరాలో తెలిసినామె ఫరీదక్క దగ్గర వదిలి స్వర్ణ వెళ్ళింది. ఫరీదక్క మంచిదే, కానీ ఫోన్ పట్టిందంటే లోకం మరిచిపోతుంది. మీలో ఎవరైనా అటు పోతే ఆ తలుపు తట్టండి. పిల్ల తిన్నదో లేదో, స్నానాల గదిలో నీళ్ళ బకెట్ బోర్లించి ఉందో లేదో, ఒక్కసారి చూసి రండి.