నూరో బ్లాక్ దాకా

వరంగల్‌లో కలిసి చదువుకున్న ముగ్గురు మిత్రులు చదువు అయిపోయాక మూడు ఊళ్లకు చేరారు. సాహితి జనగామలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెబుతుంది. శ్రావణ్ మహబూబాబాద్‌లో మొబైల్ రిపేరు దుకాణం పెట్టాడు. విక్రమ్ భూపాలపల్లిలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాడు. మాటలు తగ్గిపోతున్నాయనిపించి సాహితి తమ ముగ్గురి కోసం కంప్యూటర్లలోనే ఉండే ఒక చిన్న క్రిప్టో నాణెం తయారు చేసింది. దానికి ఇప్పపువ్వు అని పేరు పెట్టింది. బజారులో దానికి విలువ లేదు. ఎవరైనా మంచి పాట పంపితే, ఏదైనా సందేహం తీరిస్తే, మిగతావాళ్లు ఒక ఇప్పపువ్వు పంపేవారు.

పెద్ద క్రిప్టో నాణేల పద్ధతే దీనిదీ. ముగ్గురి పాత కాలేజీ ల్యాప్‌టాప్‌లూ ఒక చిక్కు లెక్క కోసం పోటీ పడేవి. ముందు విప్పినవారికి కొత్త నాణేలు దక్కేవి, అంతవరకు పంపుకున్నవన్నీ ఒక బ్లాక్‌గా నమోదయ్యేవి. పది నిమిషాలకో బ్లాక్ రావాలన్నది సాహితి రాసిన నియమం. అందుకే ప్రతి నూరు బ్లాకులకోసారి నెట్‌వర్క్ తనను తాను సరిచూసుకునేది. బ్లాకులు తొందరగా వస్తే లెక్కను కఠినం చేసేది, ఆలస్యమైతే తేలిక చేసేది.

ఆషాఢంలో పెళ్లిళ్లు లేక విక్రమ్ స్టూడియోలో పెద్ద మెషీన్ ఖాళీగా పడి ఉంది. తన ల్యాప్‌టాప్‌ను తీసేసి సరదాగా దాన్ని కలిపాడు. బ్లాకులు వరదలా వచ్చాయి. నెట్‌వర్క్ లెక్కను అంతకంతకు కఠినం చేసింది. పాత ల్యాప్‌టాప్‌లకు ఇక ఏమీ దొరకలేదు.

శ్రావణ్ విక్రమ్‌తో ఫోన్‌లో అనేశాడు. "అన్నీ నీకే వస్తున్నయి. ఇగ మేమెందుకురా?"

విక్రమ్ పని ఉందని ఫోన్ పెట్టేశాడు. కొద్ది రోజులకే అతని మెషీన్ నెట్‌వర్క్‌లో కనబడకుండా పోయింది.

దానితో అంతా నిలిచిపోయినంత పనైంది. లెక్క మాత్రం పెద్ద మెషీన్‌కు తగ్గట్టే కఠినంగా ఉంది, విప్పడానికి మిగిలినవి రెండు పాత ల్యాప్‌టాప్‌లు. ఒక్క బ్లాక్‌కు ఒక్కోసారి రోజంతా పట్టేది. నూరో బ్లాక్ వస్తే గాని లెక్క తగ్గదు, అదేమో చాలా దూరంలో ఉంది. నియమం మార్చేసి మళ్లీ మొదలుపెడదామన్నాడు శ్రావణ్. సాహితి ఒప్పుకోలేదు. కొత్తగా మొదలుపెడితే విక్రమ్‌ను వదిలేసినట్టే అవుతుందని ఆమెకు అనిపించింది. తన మాటే ఇంత పని చేసిందని శ్రావణ్‌కూ లోపల గుచ్చుకుంటూనే ఉంది, కానీ ఫోన్ చేయలేకపోయాడు.

ఒక ఆదివారం సాహితి బస్సెక్కి భూపాలపల్లి వెళ్లింది. శ్రావణమాసం పెళ్లిళ్లతో విక్రమ్‌కు ఊపిరాడడం లేదు. మెషీన్ అందుకే తీశానన్నాడు.

"వాడన్న మాటకు బాధైంది. అట్లని తీసేయలే," అన్నాడు. తర్వాత తనే, ఒక రోజు మెషీన్ కలిపి మిగతా బ్లాకులన్నీ పూర్తి చేస్తానన్నాడు.

సాహితికి సరే అనాలనిపించింది. కానీ తల అడ్డంగా ఊపింది.

"వద్దు. మెషీన్‌ను ఉరికిచ్చి నూరు నింపితే మన బలం ఇంకా చాన ఉన్నదనుకుంటది నెట్‌వర్క్. లెక్క సరిపోయేంత తగ్గది. నువ్వు తీసినంక మల్ల గిట్లనే ఆగుతది."

"మరేం జెయ్యాలె?"

"నీ కాలేజీ ల్యాప్‌టాప్ ఉన్నదా?"

అటక మీద ఉంది. మూత విరిగి వేలాడుతోంది. ఇద్దరూ దుమ్ము తుడిచి, గోడకు ఆనించి నిలబెట్టి, ఛార్జింగ్ పెట్టారు. చాలాసేపటికి తెర వెలిగింది.

ఆ తర్వాత మూడు ఊళ్లలో మూడు ల్యాప్‌టాప్‌లు నిదానంగా పని చేశాయి. ఏ బ్లాక్ ఎవరికి వచ్చిందని ఎవరూ చూసుకోలేదు, వస్తే చాలనుకున్నారు. బతుకమ్మ పండుగ రోజుల్లో ఒక సాయంత్రం శ్రావణ్ దుకాణంలో నూరో బ్లాక్ వచ్చింది. ఎంత ఆలస్యమైందో నెట్‌వర్క్ చూసుకుని లెక్కను బాగా తేలిక చేసింది. కాసేపటికే తర్వాతి బ్లాక్ విక్రమ్ ల్యాప్‌టాప్‌కు దక్కింది.

శ్రావణ్ అప్పుడు విక్రమ్‌కు ఫోన్ చేశాడు. ముందు పెళ్లిళ్ల సీజన్ ఎట్ల నడిచిందని అడిగాడు. ఆ మాట తాను అనకుండా ఉండాల్సిందని తర్వాత చెప్పాడు.

"ఇడిసిపెట్టురా," అన్నాడు విక్రమ్. "వచ్చే ఆదివారం రా, సాహితిని గూడ తోల్కరా."

వస్తానన్నాడు శ్రావణ్. చాలారోజుల తర్వాత ఇద్దరూ ఆ సాయంత్రం దుకాణాలు మూసే వేళ దాకా మాట్లాడుకున్నారు.