చెరపని గుర్తులు

శిఖరానికి వెళ్ళే అడవిదారిలో చెట్లకు పసుపు గుర్తులు వేయడం అల్లుడి ఉద్యోగం. సెలవు రోజుల్లో జనం ఆ గుర్తులు పట్టుకునే పైకి నడుస్తారు. మామగారికి మాత్రం అదొక ఉద్యోగమే అనిపించదు. "చెట్లకి రంగులు పూసేవాడికి పిల్లనిచ్చానా!" అని వచ్చినప్పుడల్లా దెప్పుతూనే ఉంటాడు.

ఆ రోజు అల్లుడు కుంచెలు కడుగుతుంటే భార్య వచ్చి, "నాన్న పొద్దున్నే శిఖరం చూసొస్తానని వెళ్ళాడు. మీ పనితనమేంటో చూస్తాడట," అంది.

"ఏ దారిన?"

"మీ గుర్తులున్న దారినే. ఇంకెటు వెళ్తాడు?"

అల్లుడు కుంచెలు వదిలేసి లేచాడు. మొన్నటి వానలకు పాతదారి విరిగి లోయలో పడింది. పక్కనుంచి కొత్తదారి తీసి దానికీ గుర్తులు వేశాడు. పాతవి గీకేయాలి. చేతులు నొప్పిపుట్టి, రేపు చూద్దాంలే అని వచ్చేశాడు. అడ్డంగా ఒక కొమ్మైనా పడేయలేదు. రేపు అనేది బద్ధకస్తుల చుట్టం, పిలవకపోయినా వచ్చి కూర్చుంటుంది.

రంగు గీకే కత్తి పట్టుకుని పరుగెత్తాడు. చెప్పు తెగితే విదిలించేశాడు. దిగివస్తున్నవాళ్ళను "ఒక పెద్దాయన కనిపించాడా?" అని అడగడం, జవాబు పూర్తికాకుండానే కదలడం. పొగమంచు మళ్ళీ కమ్ముకుంటోంది. దారి చీలినచోట చెట్టుమీద పాత గుర్తు నిగనిగలాడుతోంది. తన పని మీద తనకే అసహ్యం వేసింది. కేకేశాడు. బదులు లేదు.

మలుపు తిరిగేసరికి, విరిగిన అంచుకు నాలుగడుగుల ఇవతల, రాయిమీద మామగారు కూర్చుని ఉన్నాడు.

"రావయ్యా అల్లుడూ! ఇక్కడిదాకా గుర్తులు భలే వేశావు. తర్వాతది కనబడలేదు. ఇంత శ్రద్ధగా వేసినవాడు ఊరికే ఆపడు కదా అని ఆగిపోయా. మంచు కాస్త తొలిగాక చూస్తే ముందు దారే లేదు! ఇన్నాళ్ళూ నిన్ను తక్కువచేసి మాట్లాడాను."

ఆ మెప్పు కోసం అతను ఏళ్ళుగా మొహం వాచి ఉన్నాడు. నోరు మూసుకుంటే చాలు, అది తనదే.

"నేను ఆపలేదు మామయ్యా. తర్వాతి గుర్తున్న చెట్టు లోయలో పడిపోయింది. ఇవన్నీ నేను చెరపాల్సినవి. బద్ధకించాను."

మామగారు లోయవైపు చూశాడు. తర్వాత అల్లుడి చేతిలోని కత్తివైపు చూశాడు.

"నన్ను తర్వాత దింపుదువుగాని. ముందా గుర్తులు గీకు. ఇంకెవరి మామగారో వస్తూ ఉంటాడు."